వయోజనులు – సైకిలు విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో సైకిలును గూర్చి ప్రసంగమేమని కొందఱికి సందేహము కలుగవచ్చును. పుస్తకమునకును చక్రమునకును పొత్తేమి యని యడుగవచ్చును. పొత్తు కలదు. అక్షరము రానివాడు తనకు వచ్చిన యుత్తరమును చదివించుకొనుటకు ఇంకొకని గడప త్రొక్కవలసియుండెను. సైకిలు రానివారు సంతకు గాని, ఆసుపత్రికి గాని, మండల కార్యాలయమునకు గాని పోవలెనన్న ఒకరి బండి వెనుక కూర్చుండవలెను. లేదా ఎప్పుడు వచ్చునో తెలియని బస్సునకై చెట్టు క్రింద కాచుకొనవలెను. రెండు చోట్లను బాధ యొక్కటే. దాని పేరు పరాధీనత. రాత్రిబడి మొదటి బాధను తీర్చుటకు పుట్టినది. రెండవ బాధను తీర్చు బడి యెట్లుండవలయునో చెప్పుటయే యీ ప్రసంగముయొక్క యుద్దేశము.

ఇచ్చట విషయము బాలురకు సైకిలు నేర్పుట గాదు. బాలురు తమంత నేర్చుకొందురు. పెద్ద సైకిలునకు కమ్మీ క్రిందుగా కాలు దోపి, ఒక ప్రక్కకు వ్రేలాడుచు, నాలుగు దినములు మోకాళ్లు చెక్కుకొనిపోయిన పిమ్మట ఐదవ దినమున ఊరంతయు తిరిగివత్తురు. ముప్పది, నలువది, ఏబది యేండ్లు గడచిన స్త్రీపురుషులకు నేర్పుటయు, నేర్చినవారు లారీలును బస్సులును పోవు రహదారిపై క్షేమముగా పోయి రాగలుగునట్లు చేయుటయు ఇచ్చటి విషయము. ఇది వేఱు విద్య. దీని క్రమము వేఱు.

వయసు మీఱినచో వచ్చునా యని మొదటి ప్రశ్న. వచ్చునని చరిత్ర చెప్పుచున్నది. రష్యా దేశపు మహారచయిత టాల్‌స్టాయి 1828లో పుట్టి 1895లో, అనగా 67వ యేట, సైకిలు నేర్చెను. అమెరికాలో మద్యనిషేధోద్యమమును నడపిన ఫ్రాన్సిస్ విల్లర్డు అను విదుషీమణి 53వ యేట నేర్చి, తాను నేర్చిన విధమును 1895లో ఒక చిన్న పుస్తకముగా వెలువరించెను. ఆమె లెక్క వ్రాసిపెట్టిన తీరు మెచ్చదగినది. దినమునకు సగటున 15 నిమిషములు, మూడు నెలలు. మొత్తము కూడిన ఇంచుమించు 22 గంటలు. ఆమె నాలుగంశములుగా నేర్చెను: మొదట త్రొక్కుట, పిదప మలుపు త్రిప్పుట, పిదప దిగుట, కడపట ఎక్కుట. ఒక్క దినపు పనిగంటలను మూడింతలు చేసిన ఆ లెక్క సరిపోవును. జీవితమున మూడు దినముల పని వెచ్చించిన, మిగిలిన యేండ్లన్నిటికిని స్వాధీనమైన కాళ్లు దొరకును. ఇంత లాభసాటి పద్దు గ్రామపు లెక్కలలో అరుదు.

అయినను పెద్దవారు ఏల వెనుదీయుదురు? భయముచేత. ఆ భయమును ఎగతాళి చేయరాదు. పదేండ్ల బాలుడు పడినచో లేచి దుమ్ము దులుపుకొని మరల నెక్కును. నలువదియేండ్ల యిల్లాలు పడి మణికట్టు విఱిగినచో ఆ యింట పొయ్యి వెలుగుట కష్టము. కూలివాని కాలు విఱిగినచో రెండు నెలల కూలి పోవును. ఇక రహదారి మాట. 2022వ సంవత్సరమున భారతదేశపు రహదారులపై మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వ లెక్క. దినమునకు 460 మందికి పైగా నన్నమాట. ఇది తెలిసినవారు భయపడుట పిరికితనము కాదు, వివేకము. కావున గురువు చేయవలసిన పని భయమును తిట్టి తఱుముట కాదు. భయమున కేది నిజమైన కారణమో, ఏది కాదో వేఱుపఱచి చూపి, నిజమైన దానికి ఉపాయము నేర్పవలెను.

విరాటపర్వమున నుత్తరకుమారుని కథ అందఱు నెఱిగినదే. అంతఃపురమున ప్రగల్భములు పలికి, కౌరవసేనను కన్నులార చూడగనే రథము దిగి పరుగెత్తెను. బృహన్నల రూపమున నున్న యర్జునుడు వెంబడించి పట్టుకొని యేమి చేసెను? యుద్ధము చేయుమని బలవంతపెట్టలేదు. పగ్గములు చేతికిచ్చి, రథము నడపుము, మిగిలినది చూచుకొందునని ధైర్యము చెప్పెను. చేయగల పనిని ముందు చేతికిచ్చుటచే భయము తగ్గెను. పాఱిపోయిన యువకుడే ఆ దినమున సారథియై రణమధ్యమున నిలచెను. వయోజనునకు విద్య నేర్పువా రందఱు గుర్తుంచుకొనదగిన పాఠమిది. దీనికి విరుద్ధమైనది శల్యసారథ్యము. కర్ణుని రథమెక్కి, అడుగడుగున నతని తేజోవధ చేసిన సారథి శల్యుడు. నేర్చువారి వెంట నడచుచు “ఇదిగో పడితివి, అదిగో పడుచున్నావు” అని కేకలు వేయు బంధువు శల్యుని వంశమువాడే. అట్టివారిని మైదానము వెలుపల నిలుపుట మొదటి నియమము.

ఇక నేర్పు విధము. సైకిలు పుట్టుక యందే సులభమార్గ మొకటి దాగియున్నది. 1817లో జర్మనీ దేశమున కార్ల్ డ్రైస్ అనునతడు చేసిన మొదటి ద్విచక్రమునకు పెడళ్లు లేవు. దానిపై కూర్చుండి, కాళ్లతో నేలను వెనుకకు తన్నుచు పోవువారు. వయోజనులకును అచ్చట నారంభించుటయే మేలు. పెడళ్లు రెండును ఊడదీయవలెను. కుడి పెడలు మామూలు మఱవలె ఎడమవైపునకు త్రిప్పిన నూడును. ఎడమ పెడలుది తలక్రిందు మఱ, గడియారపు ముల్లు తిరుగువైపునకు త్రిప్పిన వదులగును. ఈ సంగతి తెలియక బలముకొలది బిగించి పాడుచేయువారు కలరు. పిమ్మట సీటు బాగుగ దించి, కూర్చున్నవారి రెండు పాదములు నేలపై పూర్తిగ నానునట్లు చేయవలెను. పాదములు నేలనంటియున్నంతసేపు పడుదునను భయమునకు తావుండదు.

కొంచెము వాలుగానున్న గట్టి నేలపై, అనగా పాఠశాల మైదానమున గాని నూర్పులు లేని నాటి కళ్లమున గాని, మొదట నడక, పిదప అంగలు, పిదప రెండు కాళ్లును ఒక్క క్షణమెత్తి జారుట. పది గజములు కాళ్లెత్తి పోగలిగిననాడు తూనిక పట్టుబడినట్లే. ఇచ్చట నేర్వవలసిన రహస్య మొక్కటి. బండి ఏ వైపునకు ఒరుగుచున్నదో ఆ వైపునకే హ్యాండిలు కొంచెము త్రిప్పవలెను. అనుభవము లేనివారు దానికి విరుద్ధముగ త్రిప్పి పడిపోవుదురు. రెండవ రహస్యము చూపునకు సంబంధించినది. కన్ను ఎచ్చట నిలచునో చక్ర మచ్చటికే పోవును. గుంటను చూచుచు పోవువాడు గుంటలోనికే పోవును. గుంట ప్రక్కనున్న దారిని చూచువాడు దారిని పోవును. నేర్పువారు హ్యాండిలును ఎన్నడును పట్టుకొనరాదు. పట్టుకొన్నచో తూనిక వారికి వచ్చును గాని నేర్చువారికి రాదు.

తూనిక కుదిరిన పిమ్మట పెడళ్లు బిగించి బయలుదేఱుటయు ఆగుటయు నేర్పవలెను. ఒక పాదము నేలపై, ఒక పెడలు ముందువైపు పైకి లేచి యుండగా, దానిని గట్టిగ నొక్కి బయలుదేఱుట. రెండు బ్రేకులును కలిపి మెల్లగ నొక్కి, పాదము నేల నాన్చి ఆగుట. ముందు బ్రేకు నొక్కదానినే హఠాత్తుగ బిగించిన వెనుకచక్రము లేచును. వెనుక బ్రేకు నొక్కదానినే నమ్మిన బండి దూరము పోయి గాని యాగదు. కావున రెండును కలిపి నొక్కు టలవాటు చేయవలెను. ఒక్క పూటలో ఇరువది మారులు బయలుదేఱి ఇరువది మారులు ఆగుట, ఊరిచుట్టు ఒక్క మారు తిరిగివచ్చుటకంటె మేలైన యభ్యాసము. ఆగుట తెలిసినవానికే పోవుటకు ధైర్యముండును.

మైదానము విడుచుటకు ముందు ఇంకొక యభ్యాసము కలదు. దీనిని చాలమంది విడిచిపెట్టుదురు. ప్రాణము నిలుపునది యిదియే. సూటిగా పోవుచు, కుడి భుజముమీదుగా వెనుకకు చూచుట. తల త్రిప్పగనే చేయియు నావైపునకు లాగి బండి వంకరపోవుట సహజము. అందుచే నేర్పువారు వెనుక నిలచి కొన్ని వ్రేళ్లెత్తి చూపవలెను. నేర్చువారు నేలపై గీచిన సున్నపు గీత తప్పకుండ పోవుచు, వెనుదిరిగి చూచి, ఎన్ని వ్రేళ్లో చెప్పవలెను. తప్పకుండ చెప్పగలుగు వఱకు, ఒక్క చేతితో పట్టి రెండవ చేతిని చాచి సైగ చేయగలుగు వఱకు రహదారి మాట తలపెట్టరాదు. గాలి, బ్రేకు, చైను అను మూటిని ప్రతిదినము ఎక్కుటకు ముందు పరీక్షించుటయు, చీరచెఱగు గాని పంచె యంచు గాని చక్రమున చిక్కకుండ చెక్కుకొనుటయు ఈ దశయందే అలవాటు కావలెను.

ఇక రహదారి. అక్షరములు వచ్చినంతమాత్రమున చదువు రాదు; అక్షరములను కూర్చి యర్థము చేసికొన్ననాడే చదువు. అట్లే త్రొక్కుట వచ్చినంతమాత్రమున దారి రాదు. దారిని చదువవలెను. ముందున్న ఆటో బాటసారిని చూచి హఠాత్తుగ నాగునా? ఆగియున్న కారు తలుపు తెఱచుకొనునా? సందులోనుండి మోటారుసైకిలు దూకునా? తారుమీద వడ్లారబోసిన చోట లారీ ఏ ప్రక్కకు తొలగును? వీనిని ముందుగ నూహించుటయే దారి చదువుట. దీనికి కొన్ని సూత్రములు కలవు. అవి లెక్కకు నిలుచునవి గనుక లెక్కతోనే చెప్పుట మంచిది.

మొదటి సూత్రము: ఎడమవైపున, బండ్లు పోవు దిక్కునకే పోవలెను. ఎదురుగా వచ్చు బండి కనబడును గనుక కుడివైపున పోవుటయే క్షేమమని పల్లెలలో నొక నమ్మకము కలదు. నడచువారికి అది చెల్లును. అవసరమైన నొక్క యడుగు ప్రక్కకు వేయగలరు. సైకిలు ప్రక్కకు అడుగు వేయలేదు. లెక్క చూడుడు. లారీ వేగము గంటకు 60 కిలోమీటర్లు, సైకిలు వేగము 15. ఒకే దిక్కునకు పోవునపుడు లారీ సైకిలును సమీపించు వేగము 45 కిలోమీటర్లు. ఎదురెదురైనపుడు 75. నూఱు మీటర్ల దూరమున సైకిలు లారీ నడపువాని కంటబడినదనుకొనుడు. మొదటి పక్షమున నతనికి 8 సెకండ్ల వ్యవధి యుండును; రెండవ పక్షమున 5 సెకండ్లును నిండవు. పైగా ప్రక్కసందులోనుండి వచ్చువాడు తప్పుదిక్కునుండి వచ్చు సైకిలునకై చూడనే చూడడు.

నలోపాఖ్యానమున వేగమును గూర్చి చక్కని ఘట్టమొకటి కలదు. బాహుకుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని యుత్తరీయము జారిపడెను. ఆపుము, తెప్పించుకొందునని రాజనగా, అది యప్పుడే యోజనము వెనుకబడినదని బాహుకుడు చెప్పెను. వేగమున పోవువాడు తలచునంతలోనే దూరము దాటిపోవును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకండులో దాదాపు 17 మీటర్లు పోవును. నడపువాడు చూచి, గ్రహించి, బ్రేకుపై కాలు పెట్టుటకు ఒక సెకండు పట్టినను బండి 17 మీటర్లు వచ్చియే యుండును. వేగము రెండింతలైనచో తాకిడి బలము నాలుగింతలగును. కావున సైకిలువారు నడపువాని కంట ముందుగ పడవలెను. వారు చేయబోవు పని యతనికి ముందుగ తెలియవలెను. మిగిలిన సూత్రము లన్నియు దీనినుండి పుట్టినవే.

రెండవ సూత్రము: రోడ్డు అంచును కఱచుకొని పోరాదు. క్రొత్తవారు భయముచేత తారు ముగిసి మట్టి మొదలగు చోటనే పోవుదురు. అచ్చట కంకర జాఱును; తారు అంచు తెగి చక్రము దిగబడును; గుంట వచ్చినపుడు తప్పించుకొనుటకు కుడివైపు తప్ప వేఱు చోటుండదు. అట్లు హఠాత్తుగ కుడివైపునకు వచ్చినపుడే వెనుక బండి తాకును. అంచునకు ఒక బారచేయి దూరమున, అనగా దాదాపు మీటరు లోపలికి, సూటిగీతలో పోవలెను. ఆగియున్న కార్లప్రక్క పోవునపుడును ఆ మాత్ర మెడముంచిన తెఱచుకొను తలుపు తగులదు. ఇఱుకు కల్వర్టు వచ్చినచో ముందుగనే వెనుకకు చూచి, చేయి చాచి, దారి మధ్యకు వచ్చి దాటి, దాటగనే మరల ఎడమకు తొలగి వెనుకవారికి దారి ఈయవలెను. అయితే ఇది ఊరి దారులకును పట్టణపు వీధులకును చెల్లు సూత్రము. నాలుగు వరుసల జాతీయ రహదారిపై ప్రక్కబాట యున్న నందుననే పోవలెను; అడ్డముగ దాటవలసి వచ్చినచో దిగి, నడిపించుకొని దాటుటలో సిగ్గులేదు.

మూడవ సూత్రము: మలుపువద్ద లారీకి గాని బస్సుకు గాని ఎడమప్రక్కన చేరరాదు. పెద్దబండి ఎడమకు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడను పోక లోపలికి కోసికొనుచు వచ్చును. ఆ ప్రక్కన నున్న సైకిలు నడపువానికి కనబడదు. వెనుక నిలచి, బండి తిరిగిపోయిన పిమ్మట పోవుటయే మార్గము. నాలుగవ సూత్రము: ప్రక్కకు తొలగుటకు ముందు చూడవలెను, చూచి సైగ చేయవలెను, సైగ చేసి మరల చూడవలెను, పిదపనే తొలగవలెను. ఐదవ సూత్రము: చీకటిలో దీపము లేక బయలుదేఱరాదు. ముందు తెల్లని వెలుగు, వెనుక ఎఱ్ఱని వెలుగు, మడ్‌గార్డునకు తళుకుబిళ్ల, ఒంటిపై లేతరంగు బట్ట కావలెను. తలకు హెల్మెటు పెట్టుకొనుట మంచి యలవాటు. కాని దారి చదువుటకు అది బదులు కాదు.

ఈ విద్యను మెట్లుగా నేర్పు పద్ధతి ఇతరదేశములలో చాలకాలముగ నున్నది. బ్రిటనులో బాలల సైకిలు పరీక్ష 1947లో మొదలైనది. 2007లో ఆరంభమైన బైకబిలిటీ యను శిక్షణయందు మూడు మెట్లు కలవు: మొదటిది బండ్లు లేని మైదానమున, రెండవది సందడి లేని వీధులలో, మూడవది రద్దీ రహదారులలో. అమెరికాలో జాన్ ఫారెస్టరు 1976లో ప్రకటించిన గ్రంథమున సైకిలువాడు తన్ను తాను బండి నడపువానిగ నెంచి, బండ్ల నియమములనే పాటింపవలెనని వాదించెను. లండను నగరపు పోలీసు లింకొక యేర్పాటు చేసిరి. ఆగియున్న లారీలో సారథిస్థానమున సైకిలువారిని కూర్చుండబెట్టి, అచ్చటనుండి ఏది కనబడునో, ఏది కనబడదో చూపిరి. ఇది ఋతుపర్ణుడును బాహుకుడును చేసికొన్న మార్పిడి వంటిది. చెట్టుమీది యాకులను కాయలను చూపుతోనే లెక్కించు విద్య రాజునకు తెలియును. గుఱ్ఱముల హృదయము సారథికి తెలియును. ఒకరి విద్య నొకరు గ్రహించిరి. సైకిలువారు లారీ హృదయమును, లారీ నడపువాడు సైకిలువారి హృదయమును తెలిసికొన్ననాడు సగము ప్రమాదములు పుట్టకముందే నశించును.

దూరదేశముల మాట యటుండనిండు. పొరుగు రాష్ట్రమున జరిగిన ఘనకార్యము నొకదానిని తెలుగు పల్లెలు తప్పక తెలిసికొనవలెను. తమిళనాడు పుదుక్కోట జిల్లాయందు 1991లో “అఱివొళి” అను అక్షరోద్యమము మొదలైనది. నాటి కలెక్టరు షీలారాణీ చుంకత్ గారు ఆ యుద్యమములోనికి సైకిలును తెచ్చిరి. ఊరూరు తిరిగి చదువు చెప్పవలసిన స్త్రీలు బస్సునకై కాచుకొన్నచో పని సాగదని గ్రహించి, పలకతోబాటు చక్రమును వారి చేతికిచ్చిరి. కూలిపనులవారు, రాతిగనులలో పనిచేయువారు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గ్రామ నర్సులు నేర్చిరి. ఆడవారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్ల నెక్కిరి. కొందఱు వానినే మెచ్చిరి, సీటుకును హ్యాండిలుకును నడుమనున్న కమ్మీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని. 1992 మహిళా దినోత్సవమున 1,500 మందికి పైగా స్త్రీలు హ్యాండిళ్లకు జెండాలు కట్టి, గంటలు మ్రోగించుచు పుదుక్కోట పట్టణ వీధులలో పోయిరి. మొత్తముమీద లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చిరని పత్రికారచయిత పి. సాయినాథ్ గారు వ్రాసిరి. వీరు మన రాష్ట్రపతిగ నుండిన వి.వి. గిరిగారి మనుమలు. మొదట హేళనలును అపనిందలును వచ్చినవి, స్త్రీలు మానలేదు. పంటను తామే సంతకు కొనిపోయిరి. నీటికిని, బడికిని, ఆసుపత్రికిని తామే పోయి వచ్చిరి. బస్సునకై కాచుకొను గంటలు ఇంటికి మిగిలినవి.

అదే కాలమున తెలుగునాట నెల్లూరు జిల్లాలోను అక్షరోద్యమము సాగుచుండెను. అచ్చట దూబగుంట స్త్రీలు చదువుకొనుచు సారాయిపై తిరుగబడిరి. ఒక జిల్లాలో అక్షరము సారాయి దుకాణమును మూయించినది. ఇంకొక జిల్లాలో అక్షరము చక్రమెక్కినది. విల్లర్డు జీవితమున నీ రెండు పనులును ఒక్కరియందే కలియుట వింతగ తోచును.

పుదుక్కోట నేర్పిన పాఠ మింకొకటి కలదు. వందలమంది ఒక్కసారి దారికెక్కిన దారి మాఱును. నడచువారును సైకిలువారును ఎక్కువగ నున్న చోట ఒక్కొక్కరికి కలుగు ప్రమాదము తక్కువని జేకబ్‌సన్ అను పరిశోధకుడు 2003లో ప్రకటించెను. కారణము తెలిసినదే: తరచు చూచుచుండిన నడపువాని కన్ను సైకిలునకు అలవాటు పడును. ఒంటరిగ నొకరు నేర్చుటకంటె పదిమంది కలసి నేర్చుట ఇందువలన మేలు. పదిమందిని చూచి నవ్వువాడును ఉండడు.

అయినను భారమంతయు సైకిలువారిపై మోపుట న్యాయము కాదు. ఎంత నేర్చినను త్రాగి నడపువాని లారీ ముందు నేర్పు చాలదు. నెదర్లాండు దేశమున 1971లో రహదారులపై 3,000 మందికి పైగా మరణించిరి; వారిలో 400 మందికి పైగా బాలబాలికలు. తల్లిదండ్రులు వీధుల కెక్కి యాందోళన చేసిరి. ప్రభుత్వము క్రమముగ పట్టణముల వేగమును తగ్గించి, సైకిళ్లకు వేఱు బాటలు వేసినది. ఆ దేశమునకు పెద్దవయసున వలసవచ్చిన స్త్రీలకు నేటికిని సైకిలు తరగతులు నడచుచున్నవి. బాటయు కావలెను, బడియు కావలెను. హైదరాబాదు బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలుబాట తెఱవబడినది. అట్టిది ప్రతి పల్లెకు రాలేదు సరే. ఊరిముందటి మలుపులో వేగనిరోధకము, కల్వర్టువద్ద తళుకుబిళ్లలు, తెగిన తారు అంచునకు మట్టి పోయుట, వడ్లు దారిమీద గాక కళ్లముమీద ఆరబోయుట ఊరివారు అడిగియు, పూనికొనియు సాధింపగలవే.

గ్రంథాలయము ఏమి చేయగలదు? పెద్దగా ధనమక్కఱలేదు. మూలబడిన పాత సైకిళ్లు ఊరిలో కలవు. ఆంధ్రప్రదేశమున “బడికొస్తా” పథకము క్రింద పాఠశాల బాలికలకు పంచబడిన సైకిళ్లలో కొన్ని, ఆ బాలికలు పెద్దవారు కాగా, వసారాలలో నిలిచియున్నవి. వానిలో రెండుమూడింటిని బాగుచేయించిన చాలును. ఒక మంచి నేల. ఒక ఓపికగల గురువు. నేర్చువారి పేర్లకును గంటలకును ఒక రిజిస్టరు. స్త్రీలకు తెల్లవాఱుజామున గాని, వారు కోరిన వేళను గాని. పురుషులకు పనినుండి వచ్చిన పిమ్మట. దినమునకు 15 నిమిషములు చాలును. మైదానపు పాఠము ముగిసినవారిని ఊరి దారికి కొనిపోవునపుడు గురువు వెనుకగను కొంచెము కుడివైపునను సైకిలుమీదనే పోవలెను. అప్పుడు వెనుక బండ్లు ముందు గురువును చూచును. కడపటి మెట్టుగ మండలకేంద్రమునకు పోయి రావలెను. నెలకొక సాయంకాలము ఆటోవారిని, ట్రాక్టరువారిని పిలిచి, వారి మాట వీరు, వీరి మాట వారు వినవలెను. ఊరి ట్రాక్టరును మైదానమున నిలిపి, దాని సీటుమీద నేర్చువారిని కూర్చుండబెట్టి, ట్రాలీవెనుక నున్న సైకిలు కనబడునో లేదో స్వయముగ చూడనీయవలెను.

పుస్తకమును ఇంటికి పంపునపుడు గ్రంథాలయము చందాదారుని పేరు రిజిస్టరులో వ్రాసికొని నమ్మి పంపును. ఈ బడియందును అదే రీతి జరుగవలెను. నేర్చినవారి పేరున 22 గంటలు నిండిన నాడు సైకిలును ఒక వారము ఎరవీయవలెను. సంతకు పోయి రానీయవలెను. పోయి వచ్చినవారు మైదానమునకు మరల వచ్చి, దారిలో ఎచ్చట భయము కలిగెనో, ఏ మలుపున ఏమి కనబడలేదో తరువాతివారికి చెప్పవలెను. ఆ మాటలను రిజిస్టరులోనే ఒక ప్రక్కన వ్రాసియుంచిన, కొన్ని యేండ్లకు ఆ యూరి దారిని గూర్చి ఊరివారే వ్రాసికొన్న గ్రంథమొకటి బీరువాలో చేరును. దానిని చదివి బయలుదేఱువారు రజతోత్సవము నాటికంటె క్షేమముగ ఇల్లు చేరుదురు.